పాప ఇంజినీరింగ్‌కి ఐదు లక్షలు: స్థలం అమ్మాలా, లోన్ తీసుకోవాలా?

గాజువాక_నాన్న

మా పాపకి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మధురవాడ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వచ్చింది. కన్వీనర్ కోటా. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం అలాట్‌మెంట్ ఆర్డర్ చూసిన రాత్రి నుంచి నిద్ర లేదు.

ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. జీతం 32,000. ఏడాదికి రెండున్నర లక్షలు దాటింది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. సచివాలయంలో అడిగాను, వాళ్లూ అదే మాట చెప్పారు.

నా లెక్క ఇది. ఫీజు ఏడాదికి 72,000. కాలేజీ బస్సు 30,000. పరీక్ష ఫీజులు, పుస్తకాలు ఒక పది వేలు. ల్యాప్‌టాప్ 50,000. నాలుగేళ్లకి మొత్తం 4,98,000, ఐదు లక్షలు అనుకోండి. చేతిలో ఉన్నది 40,000.

సబ్బవరం దగ్గర 133 గజాల స్థలం ఉంది. మా ఆవిడ దగ్గర ఎనిమిది తులాల బంగారం ఉంది. 5 లక్షల చిట్టీ ఒకటి వేస్తున్నాను, 50 నెలలది, 14 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. పీఎఫ్ ఉంది. బాబు తొమ్మిదో తరగతి.

ముందు స్థలం అమ్మేసి గొడవ వదిలించుకుందామని ఉంది. మా ఆవిడ మాత్రం బంగారం తీసుకో, స్థలం జోలికి వెళ్లొద్దు అంటోంది. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి. రిపోర్టింగ్‌కి మూడు రోజులే టైముంది.

కూర్మన్నపాలెం_కుర్రాడు

స్థలం అమ్మకండి అన్నా. మూడు రోజుల్లో అమ్మాలంటే కొనేవాడు మన అవసరం చూసే రేటు చెబుతాడు.

ఎంవీపీ_బాబాయ్

కుర్రాడి మాటే నాదీ. 2009లో మా పెద్దాడి చదువుకని పెందుర్తిలో 200 గజాలు అమ్మాను. రెండు నెలలు ఆగి ఉంటే లోన్ వచ్చేది. ఇప్పుడు ఆ స్థలం పక్క నుంచి వెళ్లాలంటేనే మనసు ఒప్పదు, వేరే దారిలో వెళతాను. తొందరలో తీసుకున్న నిర్ణయం అది.

చిట్టీపాట

చిట్టీ పాడేయండి. చేతిలోనే డబ్బు పెట్టుకుని ఎందుకు టెన్షన్?

గాజువాక_నాన్న

@చిట్టీపాట ఇప్పుడు పాడితే ఎంత తగ్గించాల్సి వస్తుందోనని భయం. పోయిన నెల ఒకాయన లక్ష తగ్గించి పాడాడు.

చిట్టీపాట

అయితే ఆయన చేతికి నాలుగు లక్షలు వచ్చాయి. ఆ లక్షలో కంపెనీ కమిషన్ ఐదు శాతం, అంటే 25,000 పోగా 75,000 యాభై మందికి పంచితే తలకి 1,500. ఆ నెల మీరు 8,500 కట్టి ఉంటారు, అవునా? మీరు పాడితే అదే లక్ష మీ జేబులోంచి పోతుంది. అయినా బయట వడ్డీ కంటే నయమే.

అప్పు_వద్దు_నాయనా

బయట వడ్డీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా బావమరిది కూతురి డిగ్రీకి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చాడు. నెలకి 6,000 వడ్డీ. నాలుగేళ్లలో వడ్డీయే 2,88,000 కట్టాడు, అసలు అలాగే ఉంది. చివరికి ఇల్లు తాకట్టు. ఎవరేం చెప్పినా రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ వాళ్ల గుమ్మం ఎక్కకండి.

పాప పేరు మీద బ్యాంకు లోన్ కూడా నాకు ఇష్టం లేదు. 22 ఏళ్లకి ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు, అప్పు మాత్రం ఖాయంగా ఉంటుంది. చదువు చెప్పించడం మన బాధ్యత. దాన్ని పిల్లల నెత్తిన పెట్టడం ఏమిటి?

విశ్రాంత_మేనేజర్

31 ఏళ్లు బ్యాంకులో చేశాను, చివరి ఆరేళ్లు ఎడ్యుకేషన్ లోన్ల సీటే. నాన్నగారూ, మీ ఆదాయం సంవత్సరానికి 3,84,000 కదా? మీ ఇంట్లో ఇంకెవరైనా సంపాదిస్తున్నారా?

గాజువాక_నాన్న

లేదండీ. నేనొక్కడినే.

విశ్రాంత_మేనేజర్

అయితే స్థలం గురించి ఆలోచించడం ఆపి, ఇది చివరిదాకా చదవండి.

రెండున్నర లక్షలు దాటితే రాష్ట్రం ఇచ్చే రీయింబర్స్‌మెంట్ పోతుంది. చాలామంది అక్కడితో ఇక ఏమీ రాదని వదిలేస్తారు. కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీకి హద్దు వేరు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉండి, ఇంజినీరింగ్ లాంటి వృత్తి కోర్సు అయితే, మోడల్ ఎడ్యుకేషన్ లోన్, అంటే బ్యాంకులు ఇచ్చే మామూలు చదువు లోన్ మీద కోర్సు జరిగినన్నాళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది, వడ్డీ మొత్తం కేంద్ర ప్రభుత్వమే భరిస్తుంది. 2009 నుంచి ఉన్న పథకం ఇది. మీ పాపకి నాలుగేళ్లు, పైన ఒక ఏడాది, మొత్తం ఐదేళ్లు.

నాణ్యత చూసి కాలేజీకి ఇచ్చే న్యాక్ గుర్తింపు గానీ, బ్రాంచికి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు గానీ ఉండాలి. ముందు అది కనుక్కోండి. పాప చదువు మధ్యలో మానేస్తే రాయితీ వర్తించదు. బీటెక్‌కి వాడుకుంటే రేపు ఎంటెక్‌కి మళ్లీ రాదు.

2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి వేరే పథకం. అది మొదట ఎంపిక చేసిన 860 సంస్థలకే. అందులో ఆదాయం 8 లక్షల లోపు వాళ్లకి 10 లక్షల దాకా లోన్ మీద మూడు శాతం వడ్డీ రాయితీ. మీ కాలేజీ ఆ జాబితాలో లేకపోయినా దిగులు లేదు, నేను చెప్పిన పాత పథకం చూసుకోండి.

హామీ గురించి కూడా చెబుతాను. ఏడున్నర లక్షల దాకా లోన్‌కి ఆస్తి తాకట్టు, మూడో మనిషి హామీ లేకుండా ఇవ్వడానికే క్రెడిట్ గ్యారంటీ ఫండ్ ఉంది. నాలుగు లక్షల లోపైతే మార్జిన్ కూడా అడగరు. దాటితే ఐదు శాతం మనం పెట్టుకోవాలి. తండ్రిగా మీరు సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి, అంతే. మీ స్థలం కాగితాలు బీరువాలోంచి బయటికి రానక్కర్లేదు.

కూర్మన్నపాలెం_కుర్రాడు

మేనేజర్ గారూ, ఇంత విషయం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అక్కకి 2021లో మొత్తం చేతి నుంచే కట్టాం.

పాతపోస్టాఫీసు_పద్మ

మరి తల్లికి వందనం డబ్బులు? ఇంజినీరింగ్ పిల్లలకి కూడా వస్తాయంటున్నారుగా.

మద్దిలపాలెం_మాస్టారు

రావమ్మా. అది ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకానే. నాన్నగారి తొమ్మిదో తరగతి బాబుకి అర్హత ఉంటే వస్తుంది, బీటెక్ అమ్మాయికి రాదు. డిగ్రీ నుంచి పైకి ఉన్నది ఫీజు రీయింబర్స్‌మెంట్. దానికి ఆదాయం, భూమి, కారు అన్నీ చూస్తారు.

మోసపోయిన_తండ్రి

రీయింబర్స్‌మెంట్ మీద నా మాట కూడా వినండి, ఎవరికైనా పనికొస్తుంది. మా ఇంటి ఆదాయం రెండు లక్షల లోపే. మావాడికి కౌన్సెలింగ్‌లో కోరుకున్న బ్రాంచి రాలేదు. ఒక కాలేజీ ఏజెంటు ఇంటికొచ్చి, మేనేజ్‌మెంట్ కోటాలో చేరండి, రెండో ఏడాది రీయింబర్స్‌మెంట్‌లోకి మార్పిస్తాం అన్నాడు. నమ్మి కట్టాను. అలా మార్చే వీలే లేదు. మేనేజ్‌మెంట్ కోటాకి, స్పాట్ అడ్మిషన్‌కి రీయింబర్స్‌మెంట్ లేదు. ఎవరు ఏ మాట చెప్పినా కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వను అన్నాడంటే మీకు అక్కడే అర్థమైపోతుంది.

గాజువాక_నాన్న

@మోసపోయిన_తండ్రి చదువుతుంటే బాధగా ఉంది అన్నా. ఇప్పుడు బాబు ఎన్నో ఏడాది?

మోసపోయిన_తండ్రి

మూడో ఏడాది. బాగానే చదువుతున్నాడు, అదొక్కటే ధైర్యం.

జాలారిపేట_అమ్మాయి

@అప్పు_వద్దు_నాయనా గారు అన్న ఆ ఒక్క మాట మీద నేను మాట్లాడాలి. నేను లోన్‌తో చదివిన పిల్లని.

మా నాన్న బోటు మీద కలాసీ. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. సరిగ్గా ఆ రెండు నెలలు ఇంట్లోకి ఒక్క రూపాయి రాదు. వేట మొదలై నాలుగు వారాలు కాకుండానే కాలేజీ ఫీజు కట్టమంటారు. ఇప్పుడు నిషేధ కాలానికి 20,000 ఇస్తున్నారు, నేను చదివేటప్పుడు 10,000. అది ఇంట్లో బియ్యానికి, వల బాగుచేతకే సరిపోయేది. ఏటా జులైలో మా అమ్మ చెవి కమ్మలు కుదువకి వెళ్లేవి, సంక్రాంతికి తిరిగొచ్చేవి. ఒక ఏడాది సంక్రాంతికి రాలేదు. అమ్మ చెవులకి చీపురు పుల్లలు పెట్టుకుంది. అది చూసి రెండో ఏడాదిలో నేనే బ్యాంకుకి వెళ్లి లోన్ గురించి అడిగాను.

రెండు లక్షల అరవై వేలు తీసుకున్నాను. ఉద్యోగం ఎనిమిది నెలలు ఆలస్యంగా వచ్చింది. కానీ కోర్సు అయ్యాక ఒక ఏడాది గడువు ఉంటుంది కాబట్టి ఆ ఎనిమిది నెలలు ఎవరూ ఇంటికి రాలేదు, ఫోన్ చేయలేదు. ఇప్పుడు నా జీతంలోంచి కడుతున్నాను. అది నాకు భారం అనిపించలేదు. నా చదువు కోసం అమ్మ చెవులు బోసిపోవడమే నాకు భారంగా అనిపించింది. మీరు పిల్లల నెత్తిన పెట్టకూడదు అనుకుంటారు, మాకూ అలాగే ఉంటుంది మీ మీద.

ఎంవీపీ_బాబాయ్

ఈ అమ్మాయి రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

అప్పు_వద్దు_నాయనా

అమ్మా, నీ మాట కాదనను. నువ్వు నిలబడ్డావు. కానీ మా వీధిలో ఒక కుర్రాడు లోన్‌తో బీటెక్ చేసి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. కిస్తీలు ఆగిపోయాయి. వాళ్ల నాన్న సిబిల్, అంటే బ్యాంకులు చూసే అప్పుల స్కోరు పాడైంది. ఇంటికి రేకులు మార్చుకోవడానికి లోన్ అడిగితే ఇవ్వలేదు. అలాంటివాళ్లూ ఉన్నారని మాత్రమే చెబుతున్నా.

విశ్రాంత_మేనేజర్

ఇద్దరి మాటా నిజమే. అందుకే నేను నా సీటు దగ్గరకొచ్చిన తండ్రులకి ఒకటే అడిగేవాణ్ని: ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే ఆ కిస్తీ ఎవరు కడతారు, ఎందులోంచి? దానికి జవాబు ఉంటేనే సంతకం పెట్టమనేవాణ్ని. కిస్తీ కట్టలేని నెల వస్తే దాక్కోకుండా ముందే బ్రాంచికి వెళ్లి చెప్పాలి. గడువు 15 ఏళ్ల దాకా పెంచుకునే వీలుంది. ఆ కుర్రాడి ఇంట్లో ఎవరూ బ్యాంకుకి వెళ్లి ఉండరు.

కంచరపాలెం_డిప్లొమా

ఈ పాపకి సీటు వచ్చేసింది కాబట్టి కాదు గానీ, చదివే మిగతావాళ్ల కోసం. పది అయ్యాక పాలిసెట్ రాసి కంచరపాలెం గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో మూడేళ్లు చదివాను. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. ఇంటర్ ఫీజు లేదు, కార్పొరేట్ కాలేజీ హాస్టల్ లేదు, బీటెక్ మొదటి ఏడాది ఫీజు లేదు. మా ఇంట్లో నా చదువుకి ఎవరూ అప్పు చేయలేదు. అన్నా, మీ బాబు తొమ్మిదే కదా, ఇప్పటి నుంచే ఆలోచించండి.

మద్దిలపాలెం_మాస్టారు

బాగా చెప్పాడు. బాబుకి ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. పదో తరగతి మార్కుల మీద సీటు, ఆరేళ్లు ఒకే చోట చదువు. శ్రీకాకుళం క్యాంపస్ ఎచ్చెర్లలో ఉంది, మనకి దూరం కాదు. ఇంకా పైకి చదివేవాడైతే ఎన్ఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 1,25,000. వినగానే గుండె ఆగుతుంది గానీ, ఆదాయం లక్ష లోపైతే మొత్తం మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకి ఆదాయంతో పనిలేకుండా ట్యూషన్ ఫీజు లేదు. ఈ సంగతి తెలియక మా స్కూల్లో ఒక పిల్లవాడి తండ్రి ఎన్ఐటీ సీటు వదిలేసి ఊళ్లో చేర్పించాడు. నేను అప్పుడు ఊళ్లో ఉండి ఉంటే ఆపేవాణ్నని ఇప్పటికీ అనుకుంటాను.

ఇద్దరాడపిల్లల_అమ్మ

నాన్నగారూ, ప్రగతి స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు చేశారా? ఏఐసీటీఈ, అంటే కేంద్ర సాంకేతిక విద్యా మండలి వాళ్లది, ఇంజినీరింగ్ ఆడపిల్లలకి ఏడాదికి 50,000. ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు, ఆదాయం 8 లక్షల లోపు చాలు. మా పెద్దదానికి వచ్చింది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. మొదటి ఏడాదిలోనే పెట్టాలి, మరిచిపోతే అంతే.

మా చిన్నదానికి సుకన్య ఖాతా ఉంది. 2015లో పథకం మొదలైనప్పుడే వేశాను. నెలకి వెయ్యి, ఒక్కోసారి ఐదొందలు. పది పాసయ్యాక గానీ, 18 నిండాక గానీ చదువుకని సగం దాకా తీసుకోవచ్చు. పదేళ్ల లోపు ఆడపిల్ల ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే రేపే పోస్టాఫీసుకి వెళ్లండి, 250 రూపాయలతో తెరవచ్చు.

విశ్రాంత_మేనేజర్

అమ్మా, ప్రగతి మంచి మాట. కానీ ఒక జాగ్రత్త. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవాళ్లకి విద్యాలక్ష్మి వడ్డీ రాయితీ ఇవ్వరు, నేను చెప్పిన పాత పథకానికీ అదే అడ్డు ఉండొచ్చు. రెండూ వస్తాయనుకుని లెక్క వేసుకోకండి, బ్యాంకులో అడిగి ఏదో ఒకటి నిలబెట్టుకోండి. ఏడాదికి లక్షా పాతిక వేల చొప్పున నాలుగేళ్లు లోన్ తీసుకుంటే, పది శాతం అనుకున్నా, ఐదేళ్లకి వడ్డీ 1,75,000 అవుతుంది. ప్రగతి వస్తే నాలుగేళ్లకి రెండు లక్షలు. ప్రగతే కొంచెం ఎక్కువ. కానీ అది మెరిట్ చూసి ఇస్తారు, దరఖాస్తు చేసిన అందరికీ రాదు.

నేవీ_పింఛను

పిల్లల తండ్రి మాజీ సైనికుడైతే, ఆఫీసర్ ర్యాంకు కంటే కింద చేసినవాళ్లయితే, ప్రధాన మంత్రి స్కాలర్‌షిప్ ఉంది. అమ్మాయికి నెలకి 3,000, అబ్బాయికి 2,500. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. విశాఖలో మాలాంటివాళ్లు వేలల్లో ఉన్నారు, సగం మందికి తెలియదు. జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకి వెళ్లండి.

గాజువాక_నాన్న

నాలుగు రోజులైంది. ఏం జరిగిందో చెబుతాను.

రిపోర్టింగ్ తప్పించలేం కాబట్టి మా ఆవిడ రెండు గాజులు ఇచ్చింది. బ్యాంకులో పెట్టి 70,000 తెచ్చి చేతిలో ఉన్నదాంట్లోంచి కొంచెం కలిపి ఫీజు కట్టాం. పాప చేరింది. కాలేజీకి న్యాక్ ఉంది.

నిన్న లోన్ కోసం మా ఇంటి దగ్గర బ్యాంకుకి వెళితే మీ జీతం ఖాతా ఇక్కడ లేదు, అక్కడికి వెళ్లండి అన్నారు. అక్కడికి వెళితే మీ ఇల్లు మా బ్రాంచి పరిధిలో లేదు, అక్కడికే వెళ్లండి అన్నారు. వడ్డీ రాయితీ గురించి అడిగితే అవన్నీ ఇప్పుడు లేవు అన్నారు. స్థలం కాగితాలు తెస్తే చూద్దాం అన్నారు. ఎండలో రెండు బ్రాంచీల మధ్య నాలుగుసార్లు తిరిగాను. పాప పక్కనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, నాన్నా డిగ్రీలో చేరిపోతానులే అంది. ఆ మాటకి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

జాలారిపేట_అమ్మాయి

డిగ్రీలో చేరొద్దని చెప్పండి. నన్నూ మూడుసార్లు తిప్పారు. నాలుగోసారి ఇచ్చారు.

విశ్రాంత_మేనేజర్

ఇల్లు పరిధిలో లేదన్న ఒక్క కారణంతో ఎడ్యుకేషన్ లోన్ దరఖాస్తు తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. నోటిమాటలు కట్టిపెట్టండి. పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో పాప పేరు మీద ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టండి, నంబరు వస్తుంది. ఆ నంబరుతో బ్రాంచికి వెళ్లి, కాదంటే కారణం రాసివ్వండి అని మర్యాదగా అడగండి. రాసివ్వాలంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టండి, పైసా ఖర్చు లేదు. వివరాలకి 14448కి ఫోన్ చేయండి.

తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువీకరణ పత్రం ఈ వారమే తీసుకోండి. దాని మీదే వడ్డీ రాయితీ అంతా ఆధారపడి ఉంది.

రేపు మొదటి బ్రాంచికి వెళ్లేటప్పుడు నన్నూ పిలవండి. ఎంవీపీ నుంచి గాజువాక ఎంతసేపు!

ఎంవీపీ_బాబాయ్

మేనేజర్ గారూ, మీరూ మా కాలనీయేనా! నేనూ వస్తా, నా బండి మీద వెళదాం.

లెక్కతేల్చు

మీరంతా బ్యాంకు చుట్టూ తిరుగుతున్నారు, ఎవరూ బస్సు గురించి మాట్లాడలేదు. బస్సుకే నాలుగేళ్లకి 1,20,000. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం అన్నారుగా. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ రెండూ ఉన్నాయి. పాప ఆర్టీసీలో వెళితే ఐదు లక్షల లెక్క 3,78,000కి దిగుతుంది. నాలుగు లక్షల లోపు. మేనేజర్ గారు చెప్పిన మార్జిన్ కూడా ఉండదు.

పాతపోస్టాఫీసు_పద్మ

గాజువాక నుంచి మధురవాడకి ఆర్టీసీలో రోజూ వెళ్లి రావడమంటే ఆడపిల్ల అలిసిపోదా? ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్ చూశారా?

ఇద్దరాడపిల్లల_అమ్మ

పద్మ గారి మాటా నిజమే. మొదటి సెమిస్టర్ ఆర్టీసీలో వెళ్లి చూడనివ్వండి. కష్టమైతే మారొచ్చు. కాలేజీ బస్సుకి ముందే ఏడాది డబ్బు కట్టేస్తే తిరిగివ్వరు, అది గుర్తుపెట్టుకోండి.

లెక్కతేల్చు

ఇంకో లెక్క. మీ చిట్టీ ఇంకా 36 నెలలు ఉంది. ఇప్పుడు పాడితే లక్ష పోతుంది. పాడకుండా చివరిదాకా ఉంటే కమిషన్ పోను 4,75,000 చేతికొస్తుంది, అదీ మూడేళ్లకి. లోన్ కిస్తీలు మొదలయ్యేది ఐదేళ్లకి. అప్పటిదాకా వడ్డీ ప్రభుత్వానిది. అంటే చిట్టీ డబ్బు రెండేళ్లు ఎఫ్‌డీలో పెట్టి, కిస్తీలు మొదలయ్యే రోజున మొత్తం లోన్ ఒకేసారి కట్టేయొచ్చు. పాప మీద రూపాయి అప్పు ఉండదు. @అప్పు_వద్దు_నాయనా గారు, ఇది మీకు ఒప్పేనా?

అప్పు_వద్దు_నాయనా

ఇది ఒప్పు. ఇలాంటి అప్పయితే నాకు అభ్యంతరం లేదు, తీర్చే డబ్బు ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి. చిట్టీ నడిపేది రిజిస్టర్ అయిన కంపెనీయేనా? అది మాత్రం చూసుకోండి.

జాలారిపేట_అమ్మాయి

నేను ఒప్పుకోను. నాలుగేళ్లకి బాబు కూడా కాలేజీకి వస్తాడు. చిట్టీ డబ్బు బాబుకి ఉంచండి. అక్క లోన్ అక్క కట్టుకుంటుంది. 3,78,000కి పది శాతం మీద పదేళ్లకి కిస్తీ నెలకి ఐదు వేలు. ఉద్యోగం వచ్చిన అమ్మాయి కట్టగలదు. అసలు పాపని అడిగారా ఎవరైనా? మనమే ఇక్కడ కూర్చుని ఆమె లెక్కలు తేల్చేస్తున్నాం.

కూర్మన్నపాలెం_కుర్రాడు

అవును. మా అక్కని ఎవరూ అడగలేదు. మా నాన్న పీఎఫ్ తీశాడని పెళ్లప్పుడు తెలిసి ఏడ్చింది.

గాజువాక_నాన్న

ఆ అమ్మాయి రాసింది చదివాక రాత్రి పాపని, బాబుని, మా ఆవిడని కూర్చోబెట్టాను. నోటుబుక్కులో అన్నీ రాశాను. జీతం, ఇంటి అద్దె, చిట్టీ, బంగారం ఎంత, స్థలం ఎంత, ఫీజు ఎంత. ఇన్నేళ్లలో నా జీతం ఎంతో పిల్లలకి చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది, చెప్పాక తేలికైంది.

పాప చాలాసేపు చూసి, లోన్ నా పేరు మీద ఉండనివ్వు నాన్నా, ఆర్టీసీలోనే వెళతాను అంది. చిట్టీ సంగతి ఇప్పుడే తేల్చొద్దు, తమ్ముడి ఇంటర్ అయ్యాక చూద్దాం అంది. ల్యాప్‌టాప్ రెండో ఏడాదికి కొనొచ్చట, మొదటి ఏడాది ల్యాబ్‌లో చేసుకుంటుందట. బాబు, నేను పాలిటెక్నిక్‌కి వెళతాను అన్నాడు. నువ్వు ముందు పది పాసవు అంది మా ఆవిడ.

విశ్రాంత_మేనేజర్

బంగారు కుటుంబం మీది.

గాజువాక_నాన్న

సెప్టెంబరులో మళ్లీ రాస్తున్నా, ఈ చర్చ చూసి ఇద్దరు ముగ్గురు విడిగా అడిగారు కాబట్టి.

లోన్ మంజూరైంది. మేనేజర్ గారు, బాబాయ్ గారు నాతో వచ్చారు. పోర్టల్ నంబరు చూపించి, కాదంటే రాసివ్వమని అడిగేసరికి లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చిన ఫీల్డ్ ఆఫీసరమ్మ ఓపికగా చూసింది. అయినా ఐదు వారాలు పట్టింది. మంజూరు లెటర్లో తాకట్టు లేదు. ఆదాయ ధ్రువీకరణ 3,84,000కి తీసుకుని ఇచ్చాం, రాయితీకి పేరు ఎక్కించామని చెప్పారు. మొదటి ఏడాది ఫీజు మేమే కట్టేశాం కదా, రసీదు చూపిస్తే ఆ డబ్బు మాకు వేశారు. దాంతో గాజులు విడిపించాను. మా ఆవిడ మాత్రం చేతికి వేసుకోలేదు, బీరువాలో పెట్టింది. వేసుకోమంటే, ఉండనీ, వచ్చే ఏడాది ఏమవసరమొస్తుందో అంటోంది.

ప్రగతికి దరఖాస్తు పెట్టలేదు. రెండింటిలో ఖాయంగా కనిపించింది రాయితీ.

పాప ఆర్టీసీలో వెళుతోంది. పొద్దున ఆరున్నరకి బయల్దేరుతుంది. సీటు దొరికిన రోజున బస్సులోనే చదువుకుంటుందట.

పాతపోస్టాఫీసు_పద్మ

ఆరున్నరకా! టిఫిన్ డబ్బా పెట్టి పంపండి.

గాజువాక_నాన్న

పెడుతున్నామండీ. రెండు డబ్బాలు.

పెందుర్తి_రైతు

ఇప్పుడే ఈ చర్చ మొత్తం చదివాను. మావాడు ఇంటర్ రెండో ఏడాది. నాకు పొలం, ఆటో ఉన్నాయి. ఆదాయ పత్రంలో రెండు లక్షల ఎనభై వేలు రాశారు. మాక్కూడా ఈ వడ్డీ రాయితీ వస్తుందా? కాగితాలు ఏమేం కావాలి? నాకు ఈ ఆన్‌లైన్ పనులు రావు.

గాజువాక_నాన్న

నాలుగున్నర లోపే కాబట్టి ఆదాయం అడ్డు కాదు అన్నా. సీటు వచ్చాక చూసుకోవాల్సింది కాలేజీ గుర్తింపు. మేం ఇచ్చినవి పాప పది, ఇంటర్ మార్కుల జాబితాలు, ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ ఇచ్చిన నాలుగేళ్ల ఫీజు పట్టిక, ఆదాయ పత్రం, ఇద్దరి ఆధార్, పాన్, నా ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్. నా దగ్గర అన్నిటి జిరాక్సులు ఒక ఫైలులో ఉన్నాయి. ఆదివారం నేను ఖాళీ. గాజువాక వస్తే చూపిస్తాను, బాబుని కూడా తీసుకురండి. పోర్టల్ ఎలా చేయాలో మా పాప చెబుతుంది.